మామిడి తోటకి ట్రాక్టరు చూస్తున్నారటగా, వదినగారూ!

వదినగారూ, పొయ్యి మీద ఏమీ లేకపోతే ఒకసారి ఇలా గోడ దగ్గరికి రండి. ఆగిరిపల్లి వైపు మీరు తీసుకున్న మూడెకరాల మామిడి తోటకి సెకండ్ హ్యాండ్‌లో చిన్న ట్రాక్టరు చూస్తున్నామని అన్నయ్యగారు మావారితో అన్నారట. మధ్యవర్తి ఫోన్లో ఫొటో కూడా పంపాడట, కొత్తదానిలా మెరిసిపోతోందట. అది విన్న దగ్గర్నుంచి మీతో ఎప్పుడు మాట్లాడదామా అనే ఉంది నాకు. మా తోట పనులు చూసుకునేది నేనేనని మీకు తెలుసు కదా. బండి విషయంలో తొందరపడకూడదు.

మూడెకరాలకి సొంత బండి ఎందుకని మీ పెద్దబ్బాయి అడిగాడంటే అడగడూ మరి! తోటలో దున్నకం తొలకరికి ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి. ఈ రెండు తడవలకీ గంటకింత అని అద్దె బండి పిలిస్తే సరిపోతుందనే ఎవరైనా అంటారు. లెక్క వేస్తే నిజమే కూడా. కానీ చినుకు పడ్డాక మన ఎర్రనేల పదునులో ఉండేది కొద్ది రోజులే. ఆ రోజుల్లోనే ఊరందరికీ బండి కావాలి. పదెకరాల ఆసామిని వదిలి మన మూడెకరాలకి ముందు ఎవడొస్తాడు చెప్పండి? వాడొచ్చేసరికి నేల గట్టిపడి ఉంటుంది, కలుపు మోకాలెత్తు లేచి ఉంటుంది. వాడు తెచ్చేదీ పెద్ద బండే. కొమ్మల కింద దూరదు, దూరిస్తే కాపుకొచ్చే రెమ్మలు విరిచేస్తుంది. అందుకే సొంతంగా చిన్న బండి ఉంటే మేలనే నేనూ అంటాను. దున్నకంతో పాటు మందు కొట్టడం, ఎరువు మోయడం, కాయ దింపాక తోట బయటికి చేరవేయడం, ఎన్ని పనులు లేవు! మీకు ఇంకో రెండెకరాలు తీసుకునే ఆలోచన కూడా ఉందన్నారు. మందు కొట్టడం దాకా వద్దు, ఏడాదికి రెండు సార్లు గడ్డి తీస్తే చాలనుకుంటే మాత్రం బ్రష్ కట్టరు కొనుక్కుని హాయిగా ఉండండి. పని లేని బండికి బ్యాటరీ దిగిపోతుంది, ఎలుకలు వైర్లు కొరికేస్తాయి.

సైజు గురించి ఎక్కువ తలబద్దలు కొట్టుకోవద్దని చెప్పండి. పాత పద్ధతి తోట కదా మీది, పది మీటర్ల ఎడంలో ఎకరానికి నలభై చెట్ల లెక్కన వేసినది. మధ్యలో జాగాకి కొదవ లేదు, ఇబ్బందల్లా కొమ్మల ఎత్తుతోనే. సైలెన్సరు పైకి నిలువుగా ఉంటే కొమ్మకి తగులుతుంది, వేడికి ఆకు మాడుతుంది. పక్కకో కిందికో తిప్పి ఉన్నది చూడండి. మామిడికి సన్న వేళ్ళు పైపైనే ఉంటాయి, లోతుగా దున్నితే చెట్టుకే చేటు. పైపైన కదిపేందుకు 15 హెచ్‌పీ బండి వెనక మూడడుగుల రోటావేటరు చాలు. మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717 ఆ కోవలోవే. రెండూ ఒంటి సిలిండరు ఇంజన్లు. అదురు కాస్త ఎక్కువ, నట్లు అప్పుడప్పుడు బిగించుకోవాలి, కానీ ఊరి మెకానిక్కే విప్పి సర్దేయగలడు. వీఎస్‌టీ 180డీ, కుబోటా నియోస్టార్ ఏ211ఎన్ లాంటి వాటికి మూడు సిలిండర్లు. మెత్తగా నడుస్తాయి, ఫోర్ వీల్ డ్రైవులోనూ దొరుకుతాయి. వాటి మీద మోజు పడేముందు నూజివీడులోనో హనుమాన్ జంక్షన్‌లోనో సామాను దొరుకుతుందా, చేయి పెట్టే మెకానిక్కున్నాడా కనుక్కోమనండి. స్వరాజ్ కోడ్ అని 2021లో ఒకటొచ్చింది, 11 హెచ్‌పీ, పెట్రోలుది. కూరగాయల వరసల మధ్య బాగుంటుంది గానీ మీ తోటకి నేను చెప్పను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా, ఇది అన్నయ్యగారికి తప్పకుండా చెప్పాలి మీరు. అందరూ మొదట అడిగేది ఏ సంవత్సరం మోడలు, ఎన్ని గంటలు తిరిగింది అని. నేనైతే ఏ పొలంలో తిరిగిందని అడుగుతాను. ఒకే ఏడాది, ఒకే కంపెనీ బండ్లు రెండున్నాయనుకోండి. ఒకటి తిరువూరు వైపు పత్తి సాళ్ళలో అంతరకృషి చేసింది, ఇంకొకటి గుడివాడ దగ్గర వరి పొలాల్లో దమ్ము చేసింది. గంటల మీటరు రెండింటికీ ఒకే అంకె చూపించినా, ఆ రెండూ ఒకటి కావు.

దమ్ములో బండి ఇరుసు దాకా బురదనీళ్ళలో మునిగి నడుస్తుంది. సీళ్ళ పక్క నుంచి ఆ నీళ్ళు ఇరుసుల్లోకి, హబ్బుల్లోకి పాకుతాయి. గేరు ఆయిలు పాలు కలిపినట్టు తెల్లబడుతుంది, బేరింగులు తుప్పు పడతాయి. కేజ్ వీల్స్ కట్టడంతో ఇరుసుల మీద పడే భారం సరేసరి. బురదలో ముందుకీ వెనక్కీ కొట్టడంలో క్లచ్చి ప్లేట్లు అరిగిపోతాయి. బరువు తక్కువ కాబట్టి దిగబడవని చిన్న ఫోర్ వీల్ బండ్లనే దమ్ముకి ఇష్టంగా వాడతారు. కాబట్టి డెల్టా నుంచి చవగ్గా చిన్న ఫోర్ వీల్ బండి వచ్చిందంటే, ముందు ఇరుసుల్లో ఏముందో చూడాలి. ముందు ఇరుసు డ్రెయిన్ బోల్టు కాస్త వదులు చేసి నాలుగు చుక్కలు అరచేతిలో పట్టమనండి. తెల్లగా ఉందా, ఇనుప రజను మెరుస్తోందా? అమ్మేవాడు బోల్టు విప్పనివ్వకపోతే ఆ బండి మనకొద్దు. రొయ్యల చెరువు గట్ల మీద తిరిగినదైతే ఉప్పునీటి తుప్పు వేరే. ఫుట్‌బోర్డు అడుగున, బ్యాటరీ పెట్టె అడుగున వేలు పెట్టి నొక్కి చూడాలి.

పొలం పేరు మధ్యవర్తి చెప్పడు, చెప్పినా నమ్మలేం. బండినే అడగాలి. వెనక చక్రాల రిమ్ముల మీద కేజ్ వీల్ బిగించిన చోట గీతలు, నొక్కులు ఉంటాయి. మడ్‌గార్డు లోపలి వైపు రాసుకున్న గుర్తులుంటాయి. రంగు ఎంత కొత్తదైనా బోల్టుల సందుల్లో నల్లమట్టి గడ్డకట్టి ఉంటుంది. ఎర్రనేల బండికి ఆ సందుల్లో దుమ్ము పొడిగా రాలుతుంది. మిరపకి మందు కొట్టిన బండైతే వెనక పీటీఓ షాఫ్టు పళ్ళు అరిగి పదునెక్కి ఉంటాయి. ట్రక్కు లాగిందైతే వెనక కొక్కెం రంధ్రం గుండ్రంగా కాక కోలగా సాగి ఉంటుంది. మీటరు తీగ పీకేయొచ్చు, మీటరే మార్చేయొచ్చు. బ్రేకు పెడలు మీద గరుకు పోయి ఇనుము నునుపెక్కడం మాత్రం ఎవరూ దాచలేరు. మీటర్లో ఎనిమిది వందల గంటలుండి పెడలు అద్దంలా ఉందంటే ఇంకేం అడగాలి?

ఫొటోలో రంగు చూసి సంబరపడ్డారన్నారే, నాకైతే కొత్త రంగు చూస్తేనే భయం. పనిచేసిన బండి వెలిసిపోయి, గీతలు పడి ఉండాలి. అలా ఉంటే దాచడానికేమీ లేదనిపిస్తుంది.

ఇక స్టార్టు చేసి చూడటం. ఫలానా టైముకి వస్తున్నామని చెప్పి వెళ్ళొద్దు. పొద్దున ఆరింటికే వెళ్ళి, ముందుగా ఇంజను మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉందంటే మనకోసం ముందే వేడి చేసి పెట్టారన్నమాట. గేదెను కొనేటప్పుడు ఎదురుగా పాలు పిండించి చూడమూ, ఇదీ అంతే. చల్లని ఇంజను సెల్ఫ్ కొట్టగానే ఒకటి రెండు తిప్పులకే అందుకోవాలి. మొదట కాస్త పొగ వస్తుంది, ఫరవాలేదు. అయిదు నిమిషాలైనా నీలిపొగ ఆగకపోతే ఇంజన్లో ఆయిలు కాలిపోతోంది, రింగులు, బోరు పని తప్పదు. నల్లపొగకి ఎయిర్ ఫిల్టరో నాజిలో కారణం కావచ్చు, అది చిన్న ఖర్చు. ఇంజను తిరుగుతుండగా ఆయిలు పోసే మూత తీయమనండి. గుప్పుగుప్పుమని ఆవిరి ఎగదన్నితే రింగులు పోయాయనే. రేడియేటరు మూత మాత్రం వేడి మీద తీయనివ్వకండి, ముఖం కాలుతుంది. స్టార్టు చేయకముందే చూసుకోవాలి, నీళ్ళ మీద జిడ్డు తేలుతోందేమోనని.

తర్వాత రోటావేటరు తగిలించి పైకెత్తి ఇంజను ఆపేయాలి. పది నిమిషాలు టీ తాగుతూ చూస్తుంటే తెలిసిపోతుంది. ఎత్తింది ఎత్తినట్టే నిలబడితే హైడ్రాలిక్ బాగున్నట్టు, మెల్లగా దిగజారిపోతుంటే లోపల పని ఉన్నట్టు. స్టీరింగు ఖాళీగా ఎంత తిరుగుతోందో చూడాలి. ముందు చక్రాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపితే బుష్షుల సంగతి బయటపడుతుంది. టైరు గోడ మీద నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2019 మోడలు బండికి 2013 టైర్లుంటే ఎందుకున్నాయో అడగాలి. రబ్బరు ఎండి పగుళ్ళు తేలితే పళ్ళు ఎంత ఎత్తున్నా లాభం లేదు.

కాగితాల దగ్గర అన్నయ్యగారికి మొహమాటం ఎక్కువ, మీరు పక్కనుండండి. సి-బుక్కులో ఉన్న ఇంజను నెంబరు, ఛాసిస్ నెంబరు బండి మీద ఉన్న వాటితో అక్షరం అక్షరం సరిచూడాలి. ఫైనాన్సు ఉంటే అది తీరిపోయినట్టు వాళ్ళిచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రావాలి. పేరు మార్చడానికి 29, 30 ఫారాలు. సి-బుక్కులో పేరున్న మనిషే సంతకం చేయాలి, మధ్యలో చేతులు మారినవాడు చేస్తే చెల్లదు. ఆ మనిషి చనిపోయి ఉంటే ముందు వారసులు ఫారం 31తో తమ పేరుకి మార్పించుకోవాలి. సత్తుపల్లి నుంచి వచ్చే బండైతే రాష్ట్రం మారుతుంది, అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ మళ్ళీ రిజిస్టరు చేయించాలి. ట్రక్కుకి రిజిస్ట్రేషను విడిగా ఉంటుంది, దాని కాగితాలు వేరుగా అడగండి. కొన్నవాళ్ళు 30 రోజుల్లో ఆర్‌టీఓకి తెలపాలని చట్టంలోనే ఉంది. చేతులు ఎన్ని మారినా రికార్డులో పేరున్నవాడే యజమానిగా జవాబుదారీ అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల బుద్ధున్న అమ్మకందారు తనే పేరు మార్పించమని తొందరపెడతాడు. ‘తర్వాత చూద్దాంలెండి’ అన్నాడంటే ఎక్కడో మెలిక ఉంది.

ధర నేను చెప్పలేను, బండిని బట్టి కదా. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త ట్రాక్టర్ల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5కి దిగింది. అమ్మేవాళ్ళు ఇప్పటికీ వాళ్ళు కొన్ననాటి ధర చెప్పి అందులోంచి తగ్గించి ఇస్తున్నామంటారు. షోరూముకి వెళ్ళి ఈరోజు కొత్తదెంతో రాయించుకుని, అక్కడి నుంచి బేరం మొదలెట్టాలి.

చివరిగా ఒక్కటి, వదినగారూ, ఇది డబ్బు సంగతి కాదు. వెనక తిరిగే ఆ పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి తొమ్మిది. చీర కొంగు, చున్నీ, తువ్వాలు, పంచె, ఏది అందినా మనిషి కేక వేసే లోపే చుట్టేస్తుంది. పాత బండ్లకి ఆ షాఫ్టు మీద ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగు చాలావాటికి ఊడిపోయి ఉంటుంది. అమ్మేవాళ్ళు దాన్ని లెక్కలోకే తీసుకోరు. బేరం కుదిరాక మీరు మొదట కొనాల్సింది ఆ తొడుగే. మందు కొట్టేటప్పుడు మన ఆడకూలీలే కదా వెనక గొట్టం పట్టుకునేది, వాళ్ళని దాని దగ్గరికి రానివ్వకండి. చిన్న బండికి రెండు చక్రాల మధ్య వెడల్పు తక్కువ, గట్టు మీద ఒక చక్రం లేస్తే ఇట్టే పక్కకి వాలుతుంది. మీ మనవడు వేసవి సెలవులకి వచ్చినప్పుడు మడ్‌గార్డు మీద కూర్చుంటానని పేచీ పెడతాడు. ఎంత ఏడ్చినా ఎక్కనివ్వొద్దు.

మా మెకానిక్కుని తీసుకెళ్ళండి, నేను ఫోన్ చేసి చెబుతాను. ఆయనకి పొద్దుటి పూట కూలి, పెట్రోలు ఖర్చు ఇవ్వండి, ఉత్తినే రమ్మనకండి. ఆయన చూసి సరేననేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దని అన్నయ్యగారికి గట్టిగా చెప్పండి. బండి ఇంటికొచ్చాక ఇంజను ఆయిలు, గేరు ఆయిలు, హైడ్రాలిక్ ఆయిలు, ఫిల్టర్లు అన్నీ ఒకేసారి మార్పించి, అప్పుడు తోటలోకి దింపమనండి. ఆ ఖర్చు కూడా ఇప్పుడే పక్కన పెట్టుకోండి.