మవాలేలో మంచు పాఠాలు

పోయిన జనవరిలో స్కీ దుబాయ్‌కి వెళ్ళినప్పుడు మా అమ్మాయి 400 మీటర్ల వాలు మీంచి రయ్యిన దిగిపోయింది. నేను మొదలుపెట్టేవాళ్ళ వాలు దగ్గరే చతికిలబడ్డాను. "నువ్వు రావా అమ్మా?" అన్న దాని మాట మస్కట్ దాకా నా వెంటే వచ్చింది.

అందుకే ఇప్పుడు అల్ మవాలేలో, మగ్రిబ్ అజాన్ అయ్యాక, మా బిల్డింగ్ వెనకాల ఖాళీ పార్కింగ్‌లో ఇన్‌లైన్ స్కేట్స్ కట్టుకుంటున్నాను. ఈ ఎండల్లో అంతకుముందు బయట కాలు పెట్టలేం. హెల్మెట్, మోకాళ్ళకీ మోచేతులకీ మణికట్లకీ ప్యాడ్లు. ఈ వయసులో ఈ వేషమేమిటని వాచ్‌మన్ నవ్వుకునే ఉంటాడు.

స్కీయింగ్‌కి నిజంగా పనికొచ్చేది మలుపు. ఎడమకి తిరగాలంటే బరువు కుడికాలి మీద వేయాలి. మోకాళ్ళు వంచి, చేతులు ముందుకి పెట్టి, వెళ్ళే వైపే చూడాలి. భయమేస్తే ఒళ్ళు వెనక్కి వాలుతుంది, ఇక పట్టు పోయినట్టే. ఆగడం మాత్రం వేరు. స్కీలు మంచు మీద అడ్డంగా జారి ఆగుతాయి. చక్రాలు అలా జారవు, మడమ దగ్గరి బ్రేకుని నేలకి రాయాల్సిందే.

నిన్న వరసగా పెట్టిన ఐదు నీళ్ళ సీసాల మధ్య నుంచి ఒక్కటీ పడకుండా మెలికలు తిరుగుతూ వచ్చాను.

"ఇంకోసారి చెయ్యమ్మా, కిందకే చూస్తున్నావు" అంది అమ్మాయి.