మార్చి నెల, వంగపండు రంగు

గుమాస్తా బ్రతుకుకు సంవత్సరంలో పన్నెండు నెలలు లేవు. పదకొండు నెలలున్నూ, ఒక మార్చీని. లోకానికి వసంత ఋతువు ప్రవేశించే సమయానికి మాకు పద్దుల ఋతువు ప్రవేశిస్తుంది. కోకిల కూసినా బాకీదారుల జాబితా చదువుతున్నట్టే వినిపిస్తుంది. బరంపురంలో ఒక టోకు వర్తకుల కొట్టులో మేము లెక్కలు వ్రాస్తాము. మా తండ్రిగారి కాలంలో ఎర్ర అట్ట చిట్టాలలో వ్రాసేవారు, మేము కంప్యూటరులో వ్రాస్తున్నాము. పుస్తకం మారింది గాని మార్చి మారలేదు. ముప్పయ్యొకటో తారీఖులోపల ప్రతి పైసాకూ తల్లీ తండ్రీ దొరకవలసిందే.

'మేము' అంటున్నది గొప్పకు కాదని మనవి. గుమాస్తా జీతమూ, గుమాస్తా తీరికా యెన్నడూ ఒక్కడివి కావు, యింటిల్లిపాదివి. అందుచేత మాట కూడా బహువచనంలోనే వస్తుంది.

చెప్పదలచినది 2025 మార్చి సంగతి. ఆ యేడు ఉగాది 30వ తేదీ ఆదివారం వచ్చింది. మర్నాడు సోమవారమే పద్దుల ముగింపు. పండుగా, పద్దులూ ఒకదాని చెంగు ఒకటి పట్టుకుని వచ్చాయన్నమాట. మా అమ్మాయికి ప్లస్ టూ పరీక్షలు. మా ఆవిడ యింట్లోనే జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్సు వేస్తుంది. ఉగాదికి తోడు అది ఠాకురాణి యాత్ర సంవత్సరం కూడాను. షోలాపురంలోనూ హోసూరులోనూ వున్న మన సోదరులకు యీ యాత్ర సంగతి తెలియకపోవచ్చు. రెండేళ్ళకొకసారి మా వూరి అమ్మవారు బుఢీ ఠాకురాణి గుడి విడిచి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు దేశీబెహరా వీధిలో. ఆమెకు తండ్రి వరుస అయ్యే పెద్ద, ఒకప్పుడు తెలుగు దేశం నుంచి వచ్చి యిక్కడ మగ్గాలు వేసిన డేరా నేతవారి కులపెద్ద. రాత్రుళ్ళు ఘటాలు వీధివీధీ తిరుగుతాయి. మొక్కుబడి వున్నవారు పులివేషమో మరొక వేషమో వేస్తారు. వూరంతా కొత్తగుడ్డ కడుతుంది కనుక మా ఆవిడ మిషనుకు నిద్ర వుండదు.

ఆ మూడు వారాలూ మా యింట్లో మనుషులం రైళ్ళలాగా తిరిగాము. స్టేషను ఒకటే, వేళలు వేరు. మేము వచ్చేసరికి పిల్ల పుస్తకం మీద తల వాల్చి నిద్రపోయేది. పిల్ల లేచేసరికి మేము కొట్టుకు బయలుదేరేవాళ్ళం. డెబ్బయి ఆరేళ్ళ మా అమ్మ మాత్రం కిటికీ దగ్గర కూర్చుని, వచ్చేవారినీ పోయేవారినీ చూస్తూ వుండేది. మాట్లాడడానికి ఆమెకు మనిషి లేడు. పిల్లకు బడి ఒడియాలో, స్నేహం ఒడియాలో, పరీక్ష ఇంగ్లీషులో. తెలుగు మామ్మకు మాత్రం మిగిలింది; ఆ మామ్మతో మాట్లాడడానికి మార్చిలో తీరిక లేదు.

ఇటువంటి రోజుల్లో మనిషిని నిలబెట్టేవి పెద్ద సుఖాలు కావు. పెద్ద సుఖానికి సెలవు కావాలి, సొమ్ము కావాలి. చిన్న సుఖానికి అయిదు నిమిషాలు చాలును. మావి కొన్ని చెబుతాము.

మొదటిది చొక్కా. మాకున్నవి తెల్లవి రెండు, లేత నీలం ఒకటి. ఆదివారం సాయంత్రం మూడింటినీ యిస్త్రీ చేసి కొయ్యకు తగిలిస్తే వారమంతా సగం పని అయిపోయినట్టే వుంటుంది. కాలరు అరిగితే మా తండ్రిగారు దర్జీ చేత విప్పించి, తిరగేసి కుట్టించేవారు. ఇప్పుడు దర్జీలు ఆ మాట వింటే నవ్వుతారు. మా ఆవిడ నవ్వదు, కుడుతుంది. అరిగిన వైపు లోపలికి, కొత్త వైపు బయటికి. చొక్కాకు రెండో జన్మ. చేతులు మడిచే తీరు మాత్రం మా వీధిలో వుండే విశ్రాంత ఒడియా మాస్టారి దగ్గర నేర్చుకున్నాము. మోచేతికి కొంచెం కింద, సరిగ్గా రెండు మడతలు. మూడో మడత వేస్తే మనిషి తగవుకు వెళుతున్నట్టు వుంటాడని ఆయన సిద్ధాంతం.

రెండోది దారి. కొట్టుకు అడ్డదారి వున్నది. అయినా మార్చిలో మేము బడాబజారు మీదుగానే వెళతాము. అయిదు నిమిషాలు యెక్కువ. అందుకు ప్రతిఫలంగా పూల బుట్టలూ, మామిడిపిందెల రాశులూ, అమ్మే ఆడవాళ్ళ చీరలూ కనబడతాయి. ఒకనాడు ఆకుకూరలు అమ్మే ఒకామె పసుపురంగు నూలుచీర మీద ముదురాకుపచ్చ జాకెట్టు తొడుక్కుని, తోటకూర కట్టల మధ్య కూర్చున్నది. ఆ పొందిక యే దుకాణం అద్దాల వెనకా మేము చూడలేదు. రాత్రి యింటికి వచ్చి చెబితే, మా ఆవిడ విని వూరుకోక మర్నాడే ఒక పాత పసుపు చీరకు ఆకుపచ్చ గుడ్డ వెతికింది. సింగారానికి గురువులు సినిమాలోనే వుండనక్కరలేదు. తోటకూర గంపల దగ్గర కూడా వుంటారు.

మూడోది చద్దన్నం. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి వుంచి, పొద్దున్న పెరుగు కలిపి, పచ్చిమిరపకాయా, ఉల్లిపాయా నంజుకుంటే మధ్యాహ్నం దాకా కడుపు చల్లగా వుంటుంది. మా పొరుగువారు దానినే పఖాళ అంటారు. అల్లమూ, కరివేపాకూ వేసి, వడియాలు వేయించి నలిపి బడిచూరా చేసి పక్కన పెడతారు. మార్చి 20వ తేదీని పఖాళ దినమని ఒడిశావారు పండుగలాగా జరుపుకుంటారు కూడా. ఆనాడు వాళ్ళ బడిచూరా మా యింటికీ, మా ఆవకాయ వాళ్ళ యింటికీ గోడ మీదుగా ప్రయాణం చేశాయి.

ఇక అసలు సంగతి. మార్చి 16వ తేదీ ఆదివారం. పాత పట్టుచీరలు కొనే మనిషి వీధిలో కేక వేసుకుంటూ వచ్చాడు. అమ్మాయి కాలేజీ చేరికకు డబ్బు కూడబెడుతున్న రోజులు. మా అమ్మ యెవరితోనూ అనకుండా లేచి, తన పెట్టె తెరిచి, పెళ్ళినాటి పట్టుచీర తెచ్చి అరుగు మీద పెట్టింది.

అది బరంపురం పట్టు. భౌగోళిక గుర్తింపు పొందిన నేత. అంచున గుడి గోపురాల వరుసలాగా కుంభాలు తేలే ఆ పనితనాన్ని ఫోడా కుంభ అంటారు. ఆడవారికి చీరా, మగవారికి జోడా అనే పంచె, ఉత్తరీయమూ నేస్తారు. పూరీ జగన్నాథస్వామికి కూడా యీ పట్టు కడతారు. అమ్మ చీర మడతల దగ్గర చిట్లిపోయింది. అంచులు మాత్రం నిన్న మగ్గం దిగినట్టున్నాయి. ఆ మనిషి అటూ యిటూ తిప్పి చూసి రెండువేల అయిదువందలు అన్నాడు. మా నోట మాట రాలేదు. ఆ డబ్బు అక్కరకు వచ్చేదే. వద్దనడానికి ధైర్యం చాలలేదు, సరే అనడానికి మనసు రాలేదు.

అంతలో పిల్ల చేతిలో నోటుపుస్తకంతో బయటికి వచ్చింది.

"మామ్మా, ఈ పర్పుల్ చీర యెప్పుడూ చూపించలేదేం?" అన్నది.

"పర్పులేటే గుంటా! వంగపండు రంగు అనాలి," అన్నది మా అమ్మ. ఆమె పుట్టిల్లు ఇచ్ఛాపురం. కోపం వచ్చినా ముద్దు వచ్చినా ఆ యాసే వస్తుంది.

"అంచు మస్టర్డ్ యెల్లో."

"ఏటా మాటలు? ఆవపువ్వు రంగు."

పక్కింటావిడ గోడ మీదనుంచి తొంగి చూసి, తమ భాషలో దానిని బాయిగణి అంటామన్నది. వాళ్ళూ వంకాయనే పట్టుకున్నారు కదా అని అందరం నవ్వాము. పిల్లకు పట్టుదల వచ్చింది. దండెం మీది జాకెట్టు చూపించి, "అయితే ఇది?" అన్నది. ఉల్లిపొర రంగు. మిషను పక్కనున్న గుడ్డ? మామిడిచిగురు. తువ్వాలు? గచ్చకాయ రంగు. అటుపిమ్మట మా అమ్మ ఆగలేదు. చిలకపచ్చ, నెమలికంఠం, కనకాంబరం, చింతపిక్క, గంధం, బచ్చలిపండు, పావురాయి. ఒక్కొక్క రంగుకూ ఒక చీర, ఒక్కొక్క చీరకూ ఒక మనిషి, ఒక పెళ్ళి. మిషను చప్పుడు ఆగిపోయి చాలా సేపయిందని అప్పుడు గమనించాము. మా ఆవిడ గుమ్మంలో నిలబడి వింటున్నది. మూడు వారాలకు మేమందరం ఒకచోట చేరడం అదే మొదలు. చీరలు కొనే మనిషి కూడా మెట్టు మీద కూర్చుని, మంచినీళ్ళు పుచ్చుకుని, "ఈ చీర మీరు అమ్మరులెండి," అని నవ్వుకుంటూ మూట యెత్తుకున్నాడు.

అతడు వెళ్ళాక మా అమ్మ, "అమ్మాయీ, కత్తెర తే," అన్నది.

మా ఆవిడ హడలిపోయి, "పెళ్ళినాటి పట్టు అత్తయ్యా!" అన్నది.

"పెట్టిలో వుంటే చిమటలు కట్టుకుంటాయి. నువ్వు కొయ్యి. గుంట కట్టుకుంటే నేను చూస్తాను."

మొదటి కత్తిరింపు మా అమ్మే వేసింది. తరువాత రాత్రుళ్ళు, కుట్టవలసిన బేరాల నడుమ, మా ఆవిడ ఆ అంచులను జాగ్రత్తగా విడదీసి, గంధంరంగు నూలు గుడ్డకు రెండు వైపులా వేసింది. తయారైన దానిని పిల్ల దుపట్టా అంటుంది, పక్కింటావిడ ఓఢణి అంటుంది, మా అమ్మ ఓణీ అంటుంది. మిగిలిన పట్టులో గట్టిగా వున్న చోటు చూసి మా అమ్మకు ఒక చేతిసంచీ కుట్టింది.

ఉగాదినాడు పచ్చడి నోట వేసుకుని మేము కొట్టుకు వెళ్ళవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. పిల్ల ఆ ఓణీ వేసుకునే నిద్రపోయింది. పక్కన భౌతికశాస్త్రం నోటుపుస్తకం తెరిచి వున్నది. చివరి పేజీలలో రంగుల పేర్లు వ్రాసుకున్నది, వరుసగా యిరవైమూడు. తెలుగు అక్షరాలు దానికి సగమే వచ్చును. రాని చోటల్లా ఒడియా అక్షరం పెట్టింది. 'వంగపండు'లో ఒకటి, 'నెమలికంఠం'లో రెండు. మేము యిరవై యేళ్ళుగా యెన్నో జాబితాలు సరిచూశాము. అంత నెమ్మదిగా మరి దేనినీ చదవలేదు. ఒక్క అక్షరం దిద్దలేదు.

సోమవారం రాత్రి పదిన్నరకు పద్దులు సరిపోయాయి. మంగళవారం ఏప్రిల్ 1, ఉత్కళ దినం. 1936లో ఆ తేదీన ఒడిశా రాష్ట్రం యేర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు రాజధానిలో వున్న మా బరంపురం దానిలో చేరింది. మా తాతలు వున్న యిల్లు కదలకుండానే రాష్ట్రం మారారు. సర్కారు కాగితాల భాష మారింది, బడి భాష మారింది. మారినందుకు మాకు చింత లేదు. రెండు భాషల అన్నమూ తిని పెరిగినవాళ్ళం. కాని వంగపండు రంగును పెట్టెలోనుంచి తీసి పిల్ల చేతికి అందించే పని యే సర్కారూ చేయదు. అది మామ్మ చేయాలి. ఆమె చేయడానికి ఒక ఆదివారం అరగంట దొరకాలి.

తీరిక దొరికాక చూద్దామని మనం చాలా వాటిని అటక మీద పెడతాము. తీరిక దొరికేనాటికి వాటి పేరు చెప్పగల మనిషి యింట్లో వుండకపోవచ్చు. అందుచేత పని వొత్తిడిలో వున్నప్పుడే, చొక్కా మడతలోనో, బజారు దారిలోనో, పాత చీర అంచులోనో అయిదు నిమిషాలు దొంగిలించమని మా సలహా. పద్దులో ఆ అయిదు నిమిషాల లోటు యెక్కడా కనబడదు.

ఇప్పుడు మా అమ్మాయి జాబితా ముప్పయి నాలుగుకు చేరింది. షోలాపురం మగ్గాల దగ్గర, హోసూరు సంతలో, యానాం రేవులో, చెన్నపట్నం మేడలలో వున్న మన యిళ్ళల్లో యింకా యెన్ని రంగులున్నాయో! పాఠకులు తమ యింటి పెద్దలను అడిగి, ఒక కార్డు ముక్క మీద వ్రాసి మన పత్రికకు పంపితే, వాటిని కూడా చేర్చుకోవడానికి ఆ నోటుపుస్తకంలో చోటు వున్నది. అక్షరం రాకపోతే మీరున్న చోటి అక్షరమే పెట్టండి. మేము చదువుకుంటాము.