తొలి అచ్చు

ఇంటికి సున్నం వేయిద్దామని దాచిన డబ్బు పెట్టి ఒక పాత గ్రామఫోను ప్లేటు కొన్నాను. అమెరికా జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959 నాటి తొలి అచ్చు.

"ఈ పాటలు ఫోనులో వస్తున్నాయిగా?" అంది మా ఆవిడ.

అది వేరు, ఇది వేరన్నాను. టేపు కొత్తగా ఉండగా చెక్కిన గాడి ఇది. కంచుతాళాల మీద పుల్ల ఆడడం, ట్రంపెట్టులో ఊపిరి కదలడం కూడా వినిపిస్తాయి.

చిక్కల్లా ఒకటే. న్యూయార్కులో ఒకప్పుడు చర్చిగా ఉండిన స్టూడియోలో, 1959 మార్చి 2న రికార్డింగు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగిందట. అందుచేత ప్లేటు మొదటివైపు మూడు పాటలూ రవంత వేగంగా, రవంత హెచ్చు శ్రుతిలో పలుకుతాయి. 1992 దాకా ఎవరూ దిద్దలేదు. అంటే, సున్నం డబ్బుతో నేను కొన్నది అచ్చుతప్పన్నమాట!

పరిష్కరించిన ప్రతే ప్రమాణమని ఇరవై ఏళ్లుగా క్లాసులో చెబుతున్నవాణ్ణి. ఫోనులో దిద్దిన ప్రతి పెట్టి విన్నాను. శ్రుతి సరిగ్గానే ఉంది. నా చెవికే ఈడ్చినట్టుంది.

మొన్న సాయంత్రం మా ఆవిడ పెచ్చులూడిన గోడ కేసి చూస్తూ, "ఆ తప్పుదే పెట్టండి," అంది.