బిజీ వేరు, విధేయత వేరు

మన గోదావరి జిల్లాల్లో ఏ సంఘం చూసినా తీరిక ఉండదు. ఉపవాస ప్రార్థనలు, క్వయర్ ప్రాక్టీసు, స్వస్థత సభల ఫ్లెక్సీలు, క్రిస్మస్‌కి దుప్పట్ల పంపిణీ. అన్నీ మంచివే. కానీ మంచి పని చేయడం, దేవుడు చెప్పింది చేయడం ఎప్పుడూ ఒకటే కావు. దేవుడు నాశనం చేయమన్న అమాలేకీయుల మందల్లో మేలైనవాటిని ఉంచింది బలి ఇవ్వడానికేనన్నాడు రాజైన సౌలు. అయినా రాజ్యం పోగొట్టుకున్నాడు. అర్పణను బలిపీఠం దగ్గరే వదిలేసి, ముందు సహోదరుడితో సమాధానపడి రమ్మన్నాడు యేసు. చేను గట్టు తగాదాతో మాటల్లేని అన్నదమ్ములిద్దరూ చెరో మైకు పట్టుకుని పాడినంత మాత్రాన ఆ ఆజ్ఞ నెరవేరదు.

క్రియలు లేకపోతే విశ్వాసం చచ్చినట్టేనని యాకోబు తన పత్రికలో చెప్పాడు కదా అంటారు. నిజమే. కోత కూలీల జీతం బిగబట్టినవాళ్లను మందలించిందీ ఆ పత్రికలోనే. వరి కోసినవాళ్ల కూలి ఆపి, ఆ డబ్బుతో దుప్పట్లు పంచితే అది దానం కాదు, బాకీ. పోనీ, ఇలా ఆలోచిస్తూ కూర్చుంటే సేవ కుంటుపడదా? 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జి బీర్ నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పనిచేశారు. మొదటి ఏళ్లలో చెప్పుకోదగ్గ ఫలితం లేదు. లెక్కలు చూసుకుని ఉంటే ఓడ ఎక్కి వెళ్లిపోయేవారే. పిలుపు ముఖ్యమనుకున్నారు కాబట్టే నిలబడ్డారు. విధేయత పనిని ఆపదు, ఏది ముందో ఏది వెనకో తేలుస్తుంది.

ఈ వారం ఇంకో కార్యక్రమం ఒప్పుకునే ముందు, తెలిసి కూడా వాయిదా వేస్తున్న ఆజ్ఞ ఏదైనా ఉందేమో చూసుకోండి. ముందు అది చేయండి.