గేటు దగ్గర కుర్చీ

పక్కవాళ్ల జేబులో ఎంత పడుతోందో లెక్కపెట్టే పాడుబుద్ధి ఒకటి ఉంది నాకు. నవలలు రాస్తే పోతుందనుకున్నాను గానీ పోలేదు. ఆ బుద్ధి ఈమధ్య నాకు చేసిన పరాభవం చెబుతాను, నవ్వకండి.

మేముండేది కొండాపూర్‌లో. 1998లో సైబర్ టవర్స్ వచ్చిందగ్గర్నించీ మాదాపూరు, గచ్చిబౌలి అంతా బండలు పగలగొట్టి అద్దాల మేడలు కట్టేశారు కదా, ఆ మేడల్లో పనిచేసేవాళ్లు రాత్రికి తలదాచుకునే అపార్టుమెంట్లలో మాదీ ఒకటి. మేడకైనా, అపార్టుమెంటుకైనా గేటు దగ్గర యూనిఫారంలో ఓ మనిషి ఉండాల్సిందే. వాళ్లలో మాజీ సైనికులకి కొదవలేదు. 2005లో వచ్చిన ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కూడా వాళ్లకి ప్రాధాన్యం ఇవ్వవచ్చనే చెబుతోంది.

మా గేటు దగ్గరాయన్ని అందరం 'హవల్దారు గారూ' అంటాం. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఆయనది. తరతరాలుగా పిల్లల్ని సైన్యానికి పంపి 'మిలటరీ మాధవరం' అనిపించుకున్న ఊరు.

ఒకరోజు పొద్దున్నే మావారు మూడుసార్లు హారన్ కొట్టినా ఆయన నింపాదిగా కుర్చీలోంచి లేచి, కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చి గేటు తీశాడు. నాకు ఒళ్లు మండింది. పైగా మూడో అంతస్తు ఆవిడ, "ఆయనకి వికలాంగుల పింఛను కూడా వస్తుందటండీ" అని చెవిలో వేసింది. ఇంకేం! "పని చెయ్యలేనని పింఛను, చేస్తానని జీతమూనా? ముందు ఆ కుర్చీ తీయించండి" అని అసోసియేషన్ వాట్సాప్‌లో రాసిపారేశాను. పదిమంది బొటనవేళ్లు చూపించి మెచ్చుకున్నారు. ఆదివారం మీటింగులో తేలుద్దామన్నారు సెక్రటరీ గారు.

మర్నాడు కొరియర్ ఇవ్వడానికి వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"కాశ్మీరులో మా బండి లోయలో పడిందమ్మా. తుంటి విరిగింది. మెడికల్ బోర్డు 40 శాతం వైకల్యం అని రాసి ఇంటికి పంపింది. రూలు ప్రకారం దాన్ని 50 కింద లెక్కేస్తారు. నూటికి నూరు శాతమైతే ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు, 50కి 15 శాతం. సర్వీసు పింఛను వేరే. ఇది ఊరికే కూర్చున్నందుకిచ్చేది కాదమ్మా, దెబ్బకిచ్చేది. బయట ఉద్యోగం చేసుకుంటే ఆపరు."

"మరి ఆ కుర్చీ?"

"రెండు గంటలు నిలబడితే తుంటి పట్టేస్తుంది. ఆ సంగతి ఏజెన్సీకి చెప్పలేదు. చెబితే ఉంచరు" అని గొంతు తగ్గించాడు. ఆయన దాచుకున్నదాన్ని నేను వాట్సాప్‌లో ఊరంతా చాటానన్నమాట!

మనసు పాడై ఆ రాత్రి డాలస్‌లో ఉన్న పిన్ని కూతురికి ఫోన్ చేశాను. "మా పక్కింటాయన సంగతి దీనికి తిరగేసి ఉంటుందక్కా" అంది. అక్కడ సైన్యంలో తగిలిన దెబ్బ ఒక్కటే 60 శాతం ఉన్నా, రెండు మూడు కలిసి 70 శాతమై అందులో ఒకటి 40 ఉన్నా, దానివల్ల నిలకడైన ఉద్యోగం చెయ్యలేకపోతే నూరు శాతం లెక్కన భృతి ఇస్తారట. చిన్నాచితకా పని చేసుకోవచ్చు గానీ, ఏడాది సంపాదన ఒంటిమనిషికి కట్టిన పేదరికపు గీత దాటకుండా చూసుకోవాలి. ఆయన వారానికి రెండు పూటలు పనిముట్ల కొట్లో కూర్చుంటాడట. ఇంకో పూట రమ్మని యజమాని బతిమాలినా వెళ్లడట, ఎక్కువ చేస్తే భృతి పోతుందని భయం. మా హవల్దారుకేమో నొప్పి అని నోరు జారితే పని పోతుందని భయం.

శనివారం నాటికి నా బుర్రలో బ్రహ్మాండమైన ఉపాయం తయారైంది. పన్నెండు గంటల డ్యూటీని ఇద్దరికి చెరి సగం చేస్తే సరి! పరుగెత్తుకెళ్లి చెప్పాను. ఆయన నవ్వాడు.

"సగం జీతంతో మా అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు ఎలా కట్టనమ్మా? దాని చదువైపోతే సగం డ్యూటీ నేనే అడుగుతాను. ఇప్పటికి కుర్చీ తీయించకండి, చాలు."

చూశారా! ఆయన నొప్పీ నేనే లెక్కపెట్టాను, ఆయన సుఖమూ నేనే లెక్కపెట్టాను. ఆయన్ని మాత్రం అడగలేదు.

మీటింగులో లేచి, ఆయన తుంటి మాట ఎత్తకుండా, నేను రాసింది తప్పని ఒప్పుకున్నాను. బొటనవేళ్లు చూపించిన పదిమందీ నేలచూపులు చూశారు. గేటు దగ్గర ఎవరున్నా కుర్చీ ఉండాలని తీర్మానమైంది. జీతం తగ్గించకుండా ఎనిమిది గంటల డ్యూటీ చేద్దామన్నాను. మూడో మనిషిని పెడితే ఖర్చెవరు భరిస్తారని వచ్చే నెలకి వాయిదా వేశారు. వచ్చే నెలా అడుగుతాను.

నిన్న మావారు మళ్లీ హారన్ మీద చెయ్యి వెయ్యబోతే ఆపాను. హవల్దారు గారు లేచి, వచ్చి, గేటు తీసేసరికి నలభై అంకెలు పట్టాయి. లెక్కపెట్టే బుద్ధి ఎలాగూ పోయేది కాదు, దానికి ఈ పని అప్పగించాను.