పకోడి సముద్రయానం

ఆగస్టు 14, ఎడిసన్

శ్రీను ఆఫీసు నుంచి వస్తూనే చెప్పాడు, బదిలీ ఖాయమైందట. ఇంగ్లండ్‌లో రెడింగ్. అక్టోబరు మొదటివారంలో చేరాలి. రాత్రి భోజనాల దగ్గర ఇల్లు, కారు, వీసాలు, నా ఉద్యోగం అన్నీ మాట్లాడేసుకున్నాం. మా పగ్ కుక్క పకోడిగాడి ఊసు మాత్రం ఇద్దరం ఎత్తలేదు. వాడు బల్ల కింద వెల్లకిలా పడి గురకపెడుతున్నాడు. అసలు చిక్కు ఆ గురకతోనే.

ఆగస్టు 19

డాక్టరమ్మ పకోడి నోరు తెరిపించి లైటు వేసి చాలాసేపు చూసింది. పగ్‌లని ముద్దుగా ఉండాలని తరతరాలుగా మూతి కురచయ్యేట్టు పెంచుతూ వచ్చారు. ఎముక కురచయింది గానీ లోపలి కండ అంతే ఉండిపోయింది. ముక్కురంధ్రాలు సన్నం, అంగిలి వెనకభాగం పొడవు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆ మెత్తటి అంగిలి గొంతుకి అడ్డంపడుతుంది. మనం ముద్దుగా వినే గురక అదే. కుక్కలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితేనే వేడి దిగుతుంది. పకోడిలాంటి వాడు రొప్పేకొద్దీ గొంతు వాస్తుంది, వాచేకొద్దీ గాలి తగ్గుతుంది, గాలి అందట్లేదని ఇంకా రొప్పుతాడు.

"కార్గో అరలో గాలి ఉండదనుకుంటారు గానీ, ఉంటుంది. కుక్కల్ని పెట్టే అరలో వేడి, పీడనం కూడా చూసుకుంటారు. నా భయం దానికి కాదు. విమానం ఎక్కించేముందు ఎండలో పెట్టె ఎంతసేపు ఉంటుందో, ఆ చప్పుళ్లకి వీడు ఎంత బెదురుతాడో తెలీదు. పైకి లేచాక చూసే దిక్కుండదు" అందావిడ. మత్తు ఇచ్చి పంపితే అని శ్రీను అడిగితే తల అడ్డంగా ఊపింది. మత్తులో గొంతు కండరాలు ఇంకా వదులైపోతాయట. అంగిలికి ఆపరేషన్ ఉంది. చేయించినా ఈ తొమ్మిదేళ్ల వయసులో వీణ్ణి విమానం ఎక్కించమని తను చెప్పదట.

తిరిగొచ్చేటప్పుడు కారు కిటికీలోంచి మూతి బయటపెట్టి గాలి తాగుతున్నాడు. వాడికేం తెలుసు.

ఆగస్టు 25

రెండురోజులుగా ఫోన్లే ఫోన్లు. చాలా విమాన సంస్థల దగ్గర పొట్టిముక్కు జాతుల జాబితా ఒకటుంది. పగ్ అనగానే అవతలి గొంతు మారిపోతుంది. వాళ్లని అనడానికీ లేదు. అమెరికా రవాణా శాఖ 2010లో ఒక లెక్క బయటపెట్టింది. 2005 మే నుంచి అయిదేళ్లలో విమానాల్లో చనిపోయినట్టు నమోదైన కుక్కలు 122. అందులో ఇంగ్లిష్ బుల్‌డాగ్‌లు 25, ఆ తర్వాతి స్థానం పగ్‌లది, 11. మిగతా జాతులన్నీ వీటి తర్వాతే. ఎగిరే కుక్కల్లో పొట్టిముక్కువి ఎన్నో ఆ లెక్కలో లేదు నిజమే, కానీ డాక్టరమ్మ మాట విన్నాక ఆ సందేహంతో తృప్తి పడలేకపోయాను.

కాళ్ల దగ్గర పెట్టుకుని తీసుకెళ్దామంటే సంచితో కలిపి 8 కిలోలు దాటకూడదని చాలా చోట్ల నియమం. పకోడి ఒక్కడే 10. పైగా బ్రిటన్‌లోకి పెంపుడు కుక్కని క్యాబిన్‌లో దించనివ్వరు. అంధులకి తోడుండే కుక్కల్లాంటి వాటికే మినహాయింపు, మిగతావన్నీ కార్గోగానే దిగాలి. అందుకని కొందరు పారిస్ దాకా కుక్కతో క్యాబిన్‌లో వచ్చి, అక్కణ్ణుంచి కారులో కలే ఊరు చేరి, కారుతో సహా రైలెక్కి సముద్రం కింది సొరంగంలోంచి 35 నిమిషాల్లో ఇంగ్లండ్‌లో తేలతారు. తెలివైన దారే, చిన్న కుక్కలున్నవాళ్లకి.

సెప్టెంబరు 1

పెంపుడు జంతువుల్ని పంపే ఏజెంటు ఒకడు ఇంటికొచ్చాడు. "మేం బుల్‌డాగుల్నే పంపాం మేడమ్, పగ్ ఒక లెక్కా" అన్నాడు. సగం డబ్బు ముందే కట్టాలట. తర్వాత ఒక కాగితం ముందుపెట్టాడు. దారిలో కుక్క చనిపోతే వాళ్లకి బాధ్యత లేదని మేం ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. కాఫీ ఇచ్చి పంపేశాం.

పక్క వీధి వాళ్లు పకోడిని ఉంచుకుంటామన్నారు, మంచి మనసుతోనే. అలా ఇచ్చి వెళ్లినవాళ్లని నేనేమీ అనను. పిల్లల చదువులు, వీసా గడువులు, ఎవరి ఇబ్బంది వాళ్లది. కానీ వీడు ముసలివాడు. రాత్రి గొంతు పట్టేసినప్పుడు మెడ ఎలా ఎత్తిపట్టుకోవాలో మాకు తెలుసు. కొత్త ఇంట్లోవాళ్లు అది నేర్చుకునేలోపు ఏదైనా జరగొచ్చు.

సెప్టెంబరు 3

ఓడ దొరికింది! క్వీన్ మేరీ 2. న్యూయార్క్ నుంచి సౌతాంప్టన్, 7 రాత్రులు. 2004లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఓడ. అట్లాంటిక్ మీద వరసగా ఇటూ అటూ నడుస్తూ కుక్కల్ని ఎక్కించుకునే ప్రయాణికుల ఓడ ఇదొక్కటే. 2016లో బాగుచేసినప్పుడు కుక్కల గదుల్ని పెంచారు, ఇప్పుడు 24 ఉన్నాయి. 24 అంటే ఎక్కువ అనుకున్నాను. మొత్తం అమెరికాకీ యూరప్‌కీ కలిపి ఆ ఇరవైనాలుగే. మనుషులకి కావలసినన్ని గదులున్నాయట, కుక్కకి మాత్రం వచ్చే జూన్ దాకా ఖాళీ లేదు.

శ్రీను అక్టోబరులో విమానంలో వెళ్లిపోతాడు. నేను, పకోడి జూన్‌లో. అలా తేల్చుకోడానికి పావుగంట కూడా పట్టలేదు, ఆ తర్వాత మాత్రం ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

సెప్టెంబరు 7

తెనాలి నుంచి అమ్మ ఫోన్. "కుక్క కోసం మొగుణ్ణి వదిలేసి అన్ని నెలలు ఒక్కదానివీ ఉంటావుటే?" అంది. "వదిలేయడం ఏంటమ్మా, ముందు పంపిస్తున్నా" అన్నాను. "మీ ముత్తాతల కాలంలో సముద్రం దాటితే వెలేసేవాళ్లు. ఇప్పుడు కుక్కని దాటించడానికి ఓడ మాట్లాడుతున్నావు" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, ఓడలో వాడికి పెరుగన్నం పెడతారా అని అడిగింది.

బాబాయి ధర్మరాజు, కుక్క, స్వర్గద్వారం బొమ్మ వాట్సాప్‌లో పంపించాడు. ఈ వారంలో ఆ బొమ్మ పంపిన మూడో మనిషి ఆయన. ఆ కథలో కుక్క చివరికి యమధర్మరాజు. మాది చివరికీ పగ్గే.

జనవరి 18

కూకట్‌పల్లి నుంచి అక్క కొడుకు ఫోన్. "పిన్నీ, నేనూ పగ్ కొంటున్నా, హచ్ కుక్క లాంటిది." పాతిక వేలు అడిగాడట అమ్మేవాడు. ఆ హచ్ ఫోన్ల ప్రకటన 2003లో వచ్చింది, వీడు అప్పటికి పుట్టనే లేదు. అయినా అందులో పిల్లాడి వెంట పరిగెత్తిన కుక్క ఇంకా పరిగెడుతూనే ఉంది మన ఊళ్లల్లో. మే నెలలో హైదరాబాదు ఎండలో ఆ మూతితో అది ఎంతదూరం పరిగెత్తగలదో ప్రకటనలో చూపించరు.

పైగా వాడు రెండేళ్లలో ఎం.ఎస్.కి పోతానంటున్నాడు, అమెరికానో జర్మనీయో ఇంకా తేలలేదు. ఇండియా నుంచి అలాంటి ఓడేదీ లేదు. జర్మనీ అయితే రేబిస్ టీకా వేసిన 30 రోజులకి రక్తం తీసి, యూరప్ వాళ్లు ఒప్పుకున్న ప్రయోగశాలకి పంపాలి. అందులో కనీసం 0.5 యూనిట్లు రావాలి, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. అమెరికా అయితే 2024 ఆగస్టు 1 నుంచి మన దేశపు కుక్కలకి నియమాలు ఇంకా బిగించారు. వాళ్లు చెప్పిన కొద్ది విమానాశ్రయాల్లోనే దిగాలి, దిగగానే వాళ్లు గుర్తించిన కేంద్రంలో పరీక్ష. ఇవన్నీ దాటినా, పగ్‌ని ఎక్కించుకునే విమానం దొరకాలిగా. చెప్పాను. "చూద్దాంలే పిన్నీ" అన్నాడు.

జూన్ 2

కాగితాలు పూర్తయ్యాయి. అమెరికా నుంచి వెళ్లే కుక్కకి బ్రిటన్ రక్తపరీక్ష అడగదు. మైక్రోచిప్, ఆ తర్వాత రేబిస్ టీకా, 21 రోజుల విరామం, ఆరోగ్య పత్రం మీద ప్రభుత్వ ముద్ర. వరస తప్పకూడదు, చిప్ కంటే ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు. 2000కి ముందయితే ఏ కాగితమున్నా కుక్కని ఆరు నెలలు క్వారంటైన్‌లో పెట్టేవాళ్లు. ఆ రోజుల్లో తీసుకెళ్లినవాళ్లు వారానికోసారి వెళ్లి కటకటాల్లోంచి చూసొచ్చేవాళ్లేమో.

జూన్ 8, బ్రూక్లిన్

రెడ్ హుక్ రేవు. కుక్కలున్నవాళ్లకి వేరే వరస. నా ముందు ఫ్రెంచి బుల్‌డాగ్, దాని ముందు ఇంకో ఫ్రెంచి బుల్‌డాగ్, వెనక ఒక ముసలి బాక్సర్. అన్నీ చప్పిడి ముక్కులే. ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుని నవ్వుకున్నాం, ఎవరికీ ఎవరూ కారణం చెప్పక్కర్లేదు.

కుక్కల గదులు పన్నెండో అంతస్తులో, వెనకవైపు. అక్కడొక ఆయన పని ఇదే, వీటికి తిండి, నీళ్లు, నడక, శుభ్రం. పకోడి గొంతు సంగతి చెబితే పుస్తకంలో రాసుకుని, హార్నెస్ తప్ప మెడపట్టీ వెయ్యనని ఆయనే అన్నాడు. ఆ మాటతో నాకు సగం ధైర్యం వచ్చింది. కుక్కని మన గదికి తీసుకెళ్లడానికి లేదు, వాళ్లు చెప్పిన వేళల్లో మనమే పైకి వెళ్లి కూర్చోవాలి.

సాయంత్రం ఓడ వెరజానో వంతెన కిందనుంచి వెళ్తుంటే పొగగొట్టం తగులుతుందేమోనని అందరూ మెడలెత్తి చూశారు. ఆ వంతెన కింద పట్టాలనే పొగగొట్టం ఎత్తు తగ్గించి కట్టారట.

జూన్ 9, సముద్రం

పకోడి ఒంటికి పోవట్లేదు. చెక్క డెక్కు మీద ఎలా పోవాలో వాడికి తెలీదు. అక్కడ కుక్కల కోసమే ఒక న్యూయార్క్ ఫైర్ హైడ్రంటు, ఒక ఇంగ్లిష్ దీపస్తంభం పాతారు, ఏ దేశపు కుక్కకి ఆ దేశపు అలవాటు. వాడు రెంటినీ వాసన చూసి, నా మొహంలోకి చూసి, కూర్చున్నాడు. బాక్సర్‌ని తెచ్చిన ముసలాయన "నిన్న మావాడూ ఇంతే" అన్నాడు. మధ్యాహ్నం దాటాక హైడ్రంటు దగ్గర కాలెత్తాడు. అక్కడున్న వాళ్లంతా చప్పట్లు కొట్టారు. అమ్మకి ఫోన్ అందదు, లేకపోతే ఆవిడా కొట్టేది.

జూన్ 11

తెల్లారుజాము నుంచి పొగమంచు. మంచులో ఓడ రెండు నిమిషాలకొకసారైనా కూత వెయ్యాలి, అది సముద్ర చట్టం. ఈ ఓడ కూతల్లో ఒకటి పాత క్వీన్ మేరీ మీద ఉన్నదే, పది మైళ్లు వినిపిస్తుందంటారు. ఎముకల్లోకి దిగే శబ్దం. పరుగున పైకి వెళ్లాను. పకోడి మూలకి నక్కి రొప్పుతున్నాడు. డాక్టరమ్మ చెప్పిన చక్రం మొదలైందనుకున్నాను. కుక్కల ఆయన అప్పటికే వాణ్ణి లోపలి గదిలోకి తెచ్చి, తడిగుడ్డతో పొట్ట, పాదాలు తుడుస్తున్నాడు. నా ఒళ్లో కూర్చోబెట్టుకుని మెడ ఎత్తిపట్టాను. పదో కూతకో పన్నెండో కూతకో ఊపిరి దారికొచ్చింది. ఇదే విమానంలో అయితే నేను సీటు బెల్టు పెట్టుకుని కింద కుక్క ఉందని మాత్రం తెలుసుకుంటూ కూర్చునేదాన్ని.

మధ్యాహ్నం తేలికపడ్డాక ముసలాయన టైటానిక్ సంగతి చెప్పాడు. 1912లో దానిమీద ఓ డజను దాకా కుక్కలు ఉండేవి, బతికినవి మూడు. రెండు పొమరేనియన్లు, ఒక పీకినీస్. ఒళ్లో పట్టుకుని పడవ ఎక్కగలిగేటంత చిన్నవి కాబట్టి బతికాయి. పీకినీస్‌దీ చప్పిడి ముక్కే. ఇలాంటి కథ ఇలాంటి చోట చెప్పాలా అనిపించింది గానీ వినేశాను.

జూన్ 13

న్యూయార్క్‌కీ ఇంగ్లండ్‌కీ 5 గంటల తేడా. ఓడలో దాన్ని రోజుకో గంటగా పంచేశారు, మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే గడియారాలన్నీ ఒంటిగంట. మనుషులు గొణుగుతున్నారు. పకోడి కడుపు గడియారం మాత్రం ఏ రోజుకారోజు సర్దుకుంటోంది, గంట ముందే అన్నం వస్తుంటే వాడికేం నష్టం.

పగ్‌లు ఇంగ్లండ్‌లో ఇంత పేరు తెచ్చుకున్నది 1689 ప్రాంతంలో డచ్చివాడైన విలియం రాజు తనవాటిని వెంట తెచ్చుకున్నాకే. అవీ ఓడలోనే వచ్చాయి. మూతులు అప్పుడు ఇంత చదును కాదు, పాత బొమ్మల్లో చూస్తే తెలుస్తుంది.

జూన్ 15, రెడింగ్

సౌతాంప్టన్‌లో పొద్దున్నే దిగాం. చిప్ మీద యంత్రం పెట్టి అంకెలు సరిచూసి, కాగితాలు తిప్పి, వెళ్లమన్నారు. గేటు బయట శ్రీను. పకోడి అతన్ని చూసి అరవలేదు, బూట్లు వాసన చూసి పక్కన కూర్చున్నాడు. కారులో మాత్రం శ్రీను ఒళ్లోంచి దిగలేదు. ఇంటికొచ్చాక పెరుగన్నం.

జూన్ 22

కూకట్‌పల్లి వాడు మళ్లీ ఫోన్. బయానా ఇంకా ఇవ్వలేదట. ఈసారి వివరంగా రాసి పంపించాను.

"ఒరేయ్, పకోడి క్షేమంగా వచ్చాడు. రావడానికి ఏం పట్టిందో నీకు తెలుసు. ఆ ముసలి బాక్సర్ వాళ్లు నాకంటే ఎక్కువకాలం ఎదురుచూశారు. పగ్ కొనొద్దు. నువ్వు పాతిక వేలు ఇస్తే అమ్మేవాడు ఇంకా పొట్టి మూతివి పుట్టిస్తాడు. కుక్క కావాలంటే మీ వీధి చివర టీ కొట్టు దగ్గర తిరిగే పిల్లల్లో ఒకదాన్ని తెచ్చుకో. ముక్కు పొడవు, ఎండకి ఆగుతుంది, కాగితాలు సరిగ్గా ఉంటే విమానమూ ఎక్కుతుంది. అదీ ఇప్పుడే కాదు, నీ చదువు ఏ దేశంలోనో తేలాక."