చలికాలం పిలకాయల్ని కొండకు పంపే తల్లిదండ్రులకు



క్రిస్మస్‌కీ పొంగల్‌కీ నడుమ మా చర్చి యువజనుల్ని ఏలగిరి కొండకు తీసుకుపోతానని మీలో చాలామందికి తెలుసు. ఈసారి మన సంఘంలోని రెండు మూడు హిందూ కుటుంబాలవాళ్లు కూడా పిల్లల్ని పంపుతామన్నారు. "అక్కడ ఏం చేయిస్తారండీ? చలికి ఏమీ కాదు గదా?" అని ఒక తల్లి ఫోన్ చేసి అడిగింది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు చలి సంగతి. ఏలగిరి సుమారు 1,100 మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల దాకా తగ్గుతుంది. ఆంధ్రాలో ఉన్న మన చుట్టాలు డిసెంబరంటే పొడి చలి అనుకుంటారు. మన చెన్నై పక్క ఈశాన్య రుతుపవనం డిసెంబరు చివరిదాకా లాగుతుంది. అందుకని క్రిస్మస్ వారంలో కొండమీద మంచు, తుంపర. పొంగల్‌కి ఆకాశం తేటపడుతుంది, రాత్రి చలి ఇంకా ఎక్కువవుతుంది. ఊటీలాగా ఇక్కడ నేల తెల్లబడదు కాబట్టి ఎవరూ లెక్కచేయరు. కానీ పది డిగ్రీలున్నా చాలు, బట్టలు తడిసి గాలి తగిలితే మనిషి ఒళ్లు చల్లబడిపోతుంది.

కొన్నేళ్ల కింద క్రిస్మస్ అయిన రెండో రోజున స్వామిమలై ఎక్కుతున్నాం. సగం దారిలో తుంపర పట్టుకుంది. పదో తరగతి పిల్లవాడొకడు, మంచి హుషారైనవాడు, వెనకబడ్డాడు. నూలు చొక్కా తప్ప ఒంటిమీద ఏమీ లేదు, అదీ చెమటతో, వానతో తడిసి ముద్ద. పేరడిగితే మాట తడబడింది. వణుకుతూ ఉన్నంతవరకూ భయం తక్కువ. మాట ముద్దగా వచ్చి, కాలు తూలి, వణుకు ఆగిపోతే అదీ ప్రమాదం. "అందరూ దిగండి" అన్నాను. మాతో వచ్చిన యువ బోధకుడు ఒప్పుకోలేదు. "అంకుల్, శిఖరం మీద ఆరాధన పెట్టుకున్నాం గదా, ప్రార్థన చేసుకుని ముందుకు పోదాం" అన్నాడు. "ప్రార్థన దిగుతూ కూడా చేయొచ్చు నాయనా" అన్నాను. పిల్లవాడి తడి చొక్కా విప్పించి, నా స్వెటర్ తొడిగి, చెవులకు మఫ్లర్ చుట్టి దించాం. కింద టీ కొట్లో వేడి శొంఠి కాఫీ రెండు గ్లాసులు తాగాక వాడికి మాట సరిపడింది. మిగతా పిలకాయలు మాత్రం సాయంత్రం దాకా ముఖాలు మాడ్చుకునే ఉన్నారు. ఉండనీ అనుకున్నాను. ఆ బోధకుడితో ఈ విషయంలో నాకు ఇప్పటికీ పడదు. దేవుడి మీద నమ్మకం ఉన్నవాడు వాతావరణం చూడకూడదని ఏ వాక్యంలో ఉంది?

రాత్రి గదుల్లో బొగ్గు కుంపటి పెట్టనివ్వను, ఎవరెంత అడిగినా సరే. కొండ ఊళ్లలో తలుపులు మూసుకుని కుంపటితో పడుకుని తెల్లారేసరికి లేవనివాళ్ల వార్తలు పేపర్లో మీరూ చదివే ఉంటారు. ఆ విషవాయువుకు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే తీసుకుపోతుంది. ఇక అడవిలో నిప్పు అసలే వద్దు. పొంగల్ దాటితే గడ్డి ఎండిపోతుంది. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణిలో కార్చిచ్చుకి ఇరవైమందికి పైగా ట్రెక్కింగ్‌వాళ్లు పోయారు. ఆ తర్వాత నిబంధనలు గట్టిపడ్డాయి. 2024 నుంచి ట్రెక్ తమిళనాడు అని ప్రభుత్వమే దారులు గుర్తించి, ఆన్‌లైన్‌లో బుకింగ్ పెట్టి, గైడుని ఇస్తోంది. అనుమతి లేకుండా అడవి దారి తొక్కించే క్యాంపుకి మీ పిల్లల్ని పంపకండి, అది చర్చిదైనా సరే.

ఇక "ఏం చేయిస్తారు" అన్న ప్రశ్న. రాత్రి భోజనమయ్యాక క్యాంపు మైదానంలో టార్చిలన్నీ ఆర్పించి లూకా సువార్త రెండో అధ్యాయంలో గొల్లల భాగం చదువుతాం. పొలంలో రాత్రి మందను కాయడమంటే ఏమిటో బడిలో చెబితే తలకెక్కదు. చలిలో పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చుంటే ఎక్కుతుంది. బేత్లెహేము కూడా 750 మీటర్లు దాటిన కొండ ఊరే. ఆ రాత్రి నిజంగా డిసెంబరేనా అని పండితులకు వాదనలున్నాయి, ఆ జోలికి నేను పోను.

తర్వాత పాటలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోవి, ముఖ్యంగా పురుషోత్తమ చౌధరిగారివి. మా పిలకాయలకు తెలుగు మాట వస్తుంది, అక్షరం రాదు. అందుకని పాటలన్నీ తమిళ లిపిలో రాసిస్తాను. తమిళంలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే అక్షరం. మొదటేడు అందరూ గొంతెత్తి "తేవా, తేవా" అని పాడారు! నేనూ తమిళ మీడియంలో చదివినవాణ్ణే, అమ్మ పాటల పుస్తకం పట్టుకుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నవాణ్ణే కాబట్టి నవ్వలేదు. ద పలకాల్సిన చోట కింద చుక్క పెట్టడం మొదలుపెట్టాను. పోయినేడు ఒక పాప చుక్కల లెక్కతో విసిగిపోయి, "ఇన్ని చుక్కలెందుకు తాతా, ఆ తెలుగు అక్షరమే నేర్పించరాదా?" అంది. అన్నం తిన్న పళ్లెం పక్కన పెట్టి, ఇసుకలో రాసి చూపించాను. తెల్లారి చూస్తే ఇంకో నలుగురు చేరారు.

హిందూ ఇళ్ల పిల్లలు ప్రార్థన సమయంలో కూర్చోవచ్చు, లేదంటే వంటవాళ్ల దగ్గర పూరీలు ఒత్తవచ్చు. బలవంతం లేదు, బాప్తిస్మం మాట ఎత్తేవాళ్లకు మా క్యాంపులో చోటు లేదు. పెద్దలు ఎవరైనా తోడు వస్తామంటే మరీ సంతోషం.

ప్రయాణం పొద్దుటి బండికే. పేరు చూసి అందరూ ఏలగిరి ఎక్స్‌ప్రెస్ అడుగుతారు, అది జోలార్‌పేట చేరేసరికి రాత్రవుతుంది. చీకట్లో పిల్లలతో ఆ 14 మలుపుల ఘాట్ నాకిష్టం లేదు. ఉన్ని స్వెటర్, చెవులు మూసే టోపీ, రెండు జతల మేజోళ్లు, వాన కోటు, పొడి బట్టలు ఒక జత ప్లాస్టిక్ కవర్లో విడిగా పెట్టి పంపండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ తప్పకుండా పెట్టండి, ఆ సంగతి నాకు ముందే చెప్పండి. తండ్రో తల్లో సంతకం చేసిన ఒప్పుకోలు లేకుండా ఎవర్నీ బండెక్కించను.

కావలసినవాళ్లు ఆదివారం సాయంత్రం సంఘం ఆఫీసులో నన్ను కలవండి.